మేలైన పొట్టేలు కోతకు, నాసిది మందకు!

కొత్తపట్నం: పత్తి, మిరప చేలు ఖాళీ అయ్యేసరికి గొర్రెల మందలు పొలాల మీదికి దిగుతాయి. రాత్రిపూట మంద కట్టించుకొన్న రైతుకు ఎరువు దక్కుతుంది, కాపరికి నాలుగు రూకలో నాలుగు గింజలో ముడతాయి. తరతరాలుగా సాగుతున్న ఏర్పాటు ఇది. అయితే ఆ మందలో ఏ పొట్టేలు దాటుతున్నదన్న సంగతి ఎవరికీ పట్టకపోవడం విచారకరం.

బక్రీదుకు, దసరాకు, ఊరి కొలుపులకు ముందు బేరగాళ్ళు మందల వెంట తిరుగుతారు. వారి కన్ను పడేది ఎత్తుగా, కండబట్టి, త్వరగా ఎదిగిన పొట్టేలు మీదనే. మంచి ధర పలికేదీ దానికే. అది పోగా అమ్ముడుపోని బక్క పొట్టేలు మందలో మిగిలి, మరుసటి ఏటి పిల్లలకు తండ్రి అవుతున్నది. గట్టి గింజలు అమ్ముకొని తాలు గింజలు విత్తనానికి దాచుకొన్నట్లున్నది ఈ వ్యవహారం. పైగా అదే పొట్టేలు రెండు మూడేళ్ళు మందలో ఉండిపోతే తన కడుపున పుట్టిన పెయ్యలనే దాటుతుంది. పిల్లలు గిడసబారడానికి, పుట్టిన కొద్ది రోజులకే చనిపోవడానికి ఈ ఏక రక్తం కూడా ఒక కారణం.

ఇందుకు కాపరిని నిందించి ప్రయోజనం లేదు. పిల్ల పెళ్ళికో, వైద్యానికో డబ్బు అవసరమైనప్పుడు చేతికందే ఆస్తి ఆ పొట్టేలే. దానిని విత్తనానికి ఉంచుకొంటే వచ్చే లాభం ఏడాది తరువాత మాట. అవసరం మాత్రం ఈనాటిది.

ఈ ప్రాంతపు నెల్లూరు జాతి సామాన్యమైనది కాదు. దేశంలోని గొర్రెలలో బాగా ఎత్తు పెరిగే జాతులలో ఇదొకటి. తెల్లనిది పల్ల, ఎర్రనిది దోర, తెలుపు మీద నల్లమచ్చలు కలది జోడిపి. 2017లో తెలంగాణ ప్రభుత్వం ఇంటికి 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంపిణీ ప్రారంభించినప్పుడు ఆంధ్రప్రదేశ్‌తో సహా పొరుగు రాష్ట్రాల నుంచే జీవాలను కొన్నారు. 2019 పశుగణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న గొర్రెలు సుమారు 1 కోటి 76 లక్షలు. సంఖ్యకు లోటు లేదు. లోటల్లా మంచి విత్తనానిదే.

ఆవుకు, గేదెకు ఎద సూది వేయించడం ఊరూరా అలవాటైన పని. మరి గొర్రెకు ఎందుకు రాలేదని కాపరులు అడగడం సహజం. దానికి కారణం గొర్రె శరీరంలోనే ఉన్నది. గర్భసంచి ముఖద్వారంలో మెలికలు తిరిగిన మడతలు ఉంటాయి. ఆవుకు వేసినట్లు గొట్టం లోపలి దాకా పోదు. వీర్యాన్ని ద్వారం దగ్గరే వదలవలసి వస్తుంది. ద్రవ నత్రజనిలో సున్నాకు 196 డిగ్రీల దిగువన గడ్డకట్టించిన వీర్యకణాలు కరిగిన తరువాత అంత దూరం ఈదే శక్తిని చాలావరకు కోల్పోతాయి. అందుకే గడ్డకట్టించిన వీర్యం ద్వారం దగ్గర వేస్తే చూలు నిలవడం తక్కువ. పొట్టకు చిన్న రంధ్రం చేసి, దుర్భిణి గొట్టంతో చూస్తూ నేరుగా గర్భసంచిలోకి ఎక్కిస్తే సగానికి పైగా నిలుస్తాయి. కాని అది శస్త్రచికిత్స వంటిది, మంద దగ్గర చెట్టు కింద జరిగే పని కాదు.

అలాగని గడ్డకట్టించి దాచడం వృథా అనుకోరాదు. ఆస్ట్రేలియాలోని సిడ్నీ విశ్వవిద్యాలయం వారు 1968లో దాచిన పొట్టేళ్ళ వీర్యాన్ని యాభై ఏళ్ళ తరువాత 56 గొర్రెలకు ఎక్కించగా 34 చూలు కట్టాయి. ఆ పొట్టేళ్ళు చచ్చి ఎన్నో ఏళ్ళయినా వాటి విత్తనం చావలేదు. జాతిని కాపాడే గాదెగా ఈ పద్ధతికి సాటి లేదు.

కాని ఈ ఏటి మందకు కావలసింది గాదె కాదు, చేతికందే విత్తనం. దానికి మార్గం చల్లబరచిన వీర్యం. కోడిగుడ్డు సొన వంటివి కలిపిన ద్రావణంలో పలుచన చేసి, నిదానంగా 5 డిగ్రీల దాకా చల్లార్చి, ఫ్లాస్కులో పెట్టి తీసుకురావచ్చు. ఒక్కసారిగా ఐసులో పెడితే కణాలు చచ్చిపోతాయి. పన్నెండు గంటల లోపు వాడితే మేలు. రోజు దాటితే చూలు నిలిచే ఆశ బాగా తగ్గుతుంది. ఒక పొట్టేలు ఒకసారి ఇచ్చిన వీర్యంతో పది, పదిహేను గొర్రెలకు వేయవచ్చు. రాజస్థాన్‌లోని అవికానగర్‌లో 1962లో నెలకొన్న కేంద్ర గొర్రెల, ఉన్ని పరిశోధనా సంస్థ ఈ పద్ధతిపై పనిచేసింది. గొర్రెలన్నీ ఒకేసారి ఎదకు రావడానికి మందు పట్టించిన స్పాంజీలను కూడా తయారుచేసింది.

ఈ లెక్కన ప్రయోగశాల అవికానగర్‌లో ఉంటే ఇక్కడి మందకు ఒరిగేదేమీ లేదు. అది మందకు పూట ప్రయాణంలో ఉండాలి. కొత్తపట్నం నుంచి ఒంగోలు గంటలోపు ప్రయాణమే. అక్కడ నాలుగైదు ఊళ్ళ నుంచి ఎంచిన పొట్టేళ్ళను పోషించి, ఉదయం వీర్యం తీస్తే మధ్యాహ్నానికి సముద్రపు ఒడ్డు గ్రామాలకు కూడా చేరుతుంది. 2021లో సవరించిన జాతీయ పశుధన మిషన్‌లో గొర్రె, మేకల వీర్య ప్రయోగశాలలకు, బ్యాంకులకు సహాయం చేసే అంశం చేర్చారు. ఆ అవకాశాన్ని జిల్లాకు తెప్పించవలసిన బాధ్యత పశుసంవర్ధక శాఖది, ప్రజాప్రతినిధులది.

అయితే జాగ్రత్తలు లేకపోతే మేలుకు బదులు కీడే. ఈసుకుపోయే రోగాన్ని తెచ్చే బ్రూసెల్లా వంటివి లేవని పరీక్షించిన పొట్టేలు వీర్యమే వాడాలి. ఒకే పొట్టేలు విత్తనం జిల్లా అంతా చల్లితే మళ్ళీ ఏక రక్తమే అవుతుంది. ఏ గొర్రెకు ఏ పొట్టేలుదో పుస్తకంలో రాసి ఉంచాలి. సూదికి నిలవని గొర్రెల కోసం మందలో మంచి పొట్టేలు ఎలాగూ ఉండవలసిందే.

ప్రయోగశాల వచ్చేదాకా కాపరులు చేతులు ముడుచుకొని కూర్చోనక్కరలేదు. సహకార సంఘాలు ఒక పని చేయవచ్చు. కోతకు పోనున్న పొట్టేళ్ళలో మేలైన వాటిని బేరగాడిచ్చే ధరకే సంఘం కొని, ఊరూరా తిప్పి, రెండేళ్ళకొకసారి మందలు మార్చాలి. కాపరికి డబ్బూ అందుతుంది, మందకు విత్తనమూ దక్కుతుంది. ఒంగోలు గిత్త సముద్రాలు దాటి బ్రెజిల్‌లో కోట్లాదిగా పెరిగిందని గొప్పగా చెప్పుకొంటాము. సొంత గడ్డపై దాని సంఖ్య తగ్గాక గాని మనకు మెలకువ రాలేదు. నెల్లూరు పొట్టేలు విషయంలోనైనా ఆ ఆలస్యం జరగకూడదు. వచ్చే పండుగ బేరాలు మొదలు కాకముందే సంఘాలు, అధికారులు కూర్చొని మాట్లాడుకోవడం మంచిది.