శిలువ వీరుల సంఘములు: నాడు, నేడు

ప్రథమ చికిత్స తరగతి మాట వచ్చినపుడెల్ల మన విద్యార్థులలో కొందరు ఒక ప్రశ్న వేయుచుందురు. సెంట్ జాన్ అంబులెన్సు వారి చిహ్నము ఎనిమిది కొనల తెల్ల శిలువ. అది క్రూసేడు వీరుల గురుతు కదా, ముస్లిం విద్యార్థి దానిని ధరింపవచ్చునా అని. ప్రశ్న న్యాయమైనదే. చరిత్ర చదివినవాడే అట్లడుగును. కనుక చరిత్రతోనే సమాధానము చెప్పబూనితిమి.

ఆ శిలువ హాస్పిటలర్లది. జెరూసలేములో యాత్రికులకై నడచిన వైద్యశాలయే వారి పుట్టినిల్లు. 1113లో పోపు వారిని ప్రత్యేక సంఘముగ గుర్తించెను. పిమ్మట వారు కత్తియు పట్టిరి. పరిచర్య చేయు చేయి, ప్రాణము తీయు చేయి ఒకే దేహమునకు మొలచినవి. ఈ రెండింటి భేదమును సుల్తాన్ సలాహుద్దీన్ బాగుగ నెరిగినవాడు. 1187లో హత్తీన్ యుద్ధానంతరము చెరజిక్కిన టెంప్లర్లను, హాస్పిటలర్లను ఆయన వధింపజేసెను. దీనిని దాచవలసిన పనిలేదు. ఆ యేడే జెరూసలేము వశమైన పిదప, రోగుల సేవకై కొందరు హాస్పిటలర్లను నగరముననే కొంతకాలము ఉండనిచ్చెను.

ఇంగ్లండులో ఈ సంఘమును ఎనిమిదవ హెన్రీ 1540లో రద్దుచేసెను. 1831 ప్రాంతమున కొందరు దానిని పునరుద్ధరించితిమనిరి. వారి వారసత్వపు వాదన బలహీనమైనది; రోములోని మాతృసంఘము దాని నంగీకరింపలేదు. బిరుదులకును అంగీలకును ముచ్చటపడిన పెద్దమనుషుల వేడుకగానే అది ముగిసియుండెడిదేమో! కాని 1877లో వారు అంబులెన్సు సంఘమును స్థాపించి, గాయమునకు కట్టుకట్టుట సామాన్యులకు నేర్పనారంభించిరి. 1882లో, ఉస్మానీ తుర్కుల యేలుబడిలోనున్న జెరూసలేములో, కంటి ఆసుపత్రి తెరచిరి. విక్టోరియా రాణి రాజపత్రము 1888లో, అనగా పని మొదలైన పిదపనే వచ్చినది. 1960లో ఆ ఆసుపత్రి షేక్ జర్రాహ్ పేటకు మారినది. అచ్చటి రోగులలో అత్యధికులు పాలస్తీనీయులు. మతము గాని, చెల్లించు స్తోమత గాని చూడక చికిత్స చేయుట వారి నియమము.

పునరుద్ధరణ మరియొక తీరునను జరిగినది. టెంప్లర్ల సంఘమును పోపు 1312లో రద్దుచేసెను. 19వ శతాబ్ది ఆరంభమున పారిసులో కొందరు, తాము వారి అవిచ్ఛిన్న వారసులమని ఒక పత్రము చూపిరి. అది కూటపత్రమని పండితుల అభిప్రాయము. అంతటితో పోయిన బాగుండెడిది. 2011 జూలై 22న నార్వేలో 77 మందిని పొట్టనబెట్టుకొన్న ముస్లిం ద్వేషి తాను నూతన టెంప్లరు సంఘీయుడనని చెప్పుకొనెను. అట్టి సంఘము జాడయే పోలీసులకు దొరకలేదు. అది ఊహయే కావచ్చును. ఆ ఊహ హత్యలకు చాలినది.

మమ్ము భయపెట్టునది ఈ రెండవ పునరుద్ధరణము. సెంట్ జాన్ వారి కట్టుగుడ్డ కాదు. మన రాష్ట్రమున కండక్టరు లైసెన్సు కోరు యువకుడు ఆ సంస్థ ఇచ్చు ప్రథమ చికిత్స పత్రమునే చేతబట్టుకొని పోవుచున్నాడు. అతని మతమును అది మార్చినదా?

రాబోవు విద్యాసంవత్సరమున మన కళాశాలలో ఈ తరగతి నడుపవలెననియు, బోధన ఉర్దూలోను తెలుగులోను జరుగవలెననియు కమిటీవారిని కోరుచున్నాము. చిహ్నము ధరించుటకు మనసొప్పనివారిని బలవంతపెట్టవలదు. వారు కట్టుకట్టుట నేర్చుకొన్న చాలును.