రెండు మందులకు లొంగని ఫిట్స్

ఫిట్స్ వచ్చేవారిలో ఎక్కువ మందికి బిళ్లలతోనే అదుపవుతాయి. జబ్బును సరిగ్గా గుర్తించి సరిగ్గా మందిస్తే నూటికి 70 మంది దాకా ఫిట్స్ లేకుండా బతకవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. లోకంలో మూర్ఛ అనే ఈ జబ్బుతో ఉన్నవారు సుమారు 5 కోట్లు. అంటే తగిన మందులు వేసుకున్నా ఫిట్స్ ఆగనివారు కోటిన్నర దాకా ఉంటారు. వీళ్ల కథ చాలావరకు మందుల చీటీల కథే. ఒక బిళ్ల పనిచేయలేదని ఇంకొకటి, అదీ పనిచేయలేదని రెండూ కలిపి, ఆపైన మూడోది. ఆరు నెలలకోసారి డోసు పెంపు. ఈలోగా పిల్లవాడు పదో తరగతి తప్పుతాడు. ఆడపిల్లను చదువు మాన్పిస్తారు. తాపీ పని చేసుకునే మనిషిని పరంజా ఎక్కనివ్వరు.

ఈ వరస ఎక్కడ తెగాలో వైద్యశాస్త్రానికి పాతికేళ్ల కిందటే తెలిసింది. స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో పాట్రిక్ క్వాన్, మార్టిన్ బ్రోడీ అనే వైద్యులు, అంతకుముందు ఏ మందూ వాడని 470 మందిని ఏళ్ల తరబడి గమనించి 2000లో ఫలితాలు ప్రకటించారు. మొదటి మందుతో 47 శాతం మందికి ఫిట్స్ ఆగాయి. రెండో మందుతో మరో 13 శాతం మందికి ఆగాయి. మూడో మందు ఒక్కటే ఇచ్చి చూస్తే మేలు జరిగింది 1 శాతానికే. రెండు మందులు కలిపి వాడితే ఇంకో 3 శాతం. అదే ఊళ్లో 1,795 మంది రోగుల ముప్పై ఏళ్ల రికార్డులు చూసి 2018లో మళ్లీ లెక్క కట్టారు. ఆ ముప్పై ఏళ్లలో డజనుకు పైగా కొత్త మందులు బజారుకొచ్చాయి. అయినా మొత్తం మీద ఫిట్స్ ఆగినవారు 64 శాతం దగ్గరే ఉన్నారు.

అందుకే మూర్ఛవ్యాధి నిపుణుల అంతర్జాతీయ సమాఖ్య 2010లో ఒక గీత గీసింది. రోగికి తగినవే ఎంచి, తట్టుకోగల డోసులో, క్రమం తప్పకుండా వాడిన రెండు మందులతో ఫిట్స్ పూర్తిగా ఆగకపోతే అది మందులకు లొంగని మూర్ఛ. అయిదు కాదు, ఏడు కాదు, రెండు. ఆ గీత దాటిన రోగిని, ఆపరేషన్ వంటి ఇతర మార్గాలు చూసే సమగ్ర మూర్ఛ చికిత్స కేంద్రానికి పంపాలి. ఆచరణలో అది జరగడం లేదు. సంపన్న దేశాల్లోనే పెద్దవాళ్లు ఆపరేషన్ బల్ల దాకా చేరేసరికి సగటున ఇరవై ఏళ్లు గడుస్తున్నాయి. రోగి బతుకును ఫిట్స్‌తో పాటు ఈ ఆలస్యమూ తినేస్తోంది.

పెద్ద కేంద్రంలో మొదట అడిగేది కొత్త మందు ఏమిటని కాదు, పాత మందు నిజంగా ఓడిపోయిందా అని. యుక్తవయసులో పొద్దున లేవగానే చేతులు ఉలిక్కిపడి గ్లాసో బ్రష్షో జారిపోయే రకం మూర్ఛ ఒకటుంది. దానికి కార్బమాజెపిన్ ఇస్తే తగ్గకపోగా పెరగవచ్చు. ఏడాదిలోపు పిల్లల్లో జ్వరంతో మొదలయ్యే డ్రావే సిండ్రోమ్‌దీ అదే సంగతి. వీళ్లకు మందు మార్చితే చాలు, పరిస్థితి మెరుగుపడవచ్చు.

మరికొందరికి వచ్చేవి అసలు మూర్ఛ ఫిట్సే కావు. గుండె లయ తప్పి స్పృహ పోవడం కావచ్చు, మనసులోని తీవ్రమైన ఒత్తిడి శరీరంలో కుదుపులుగా బయటపడటం కావచ్చు. మొండి ఫిట్స్ అంటూ పెద్ద కేంద్రాలకు వచ్చేవారిలో నూటికి ఇరవై, ముప్పై మంది దాకా ఈ రెండో కోవకే చెందుతారు. వాళ్లు నటించడం లేదు. వాళ్ల బాధ నిజమే, వైద్యమే వేరు. రోగిని కొన్ని రోజులు వార్డులో ఉంచి, మెదడు తరంగాలనూ మనిషినీ ఒకేసారి రికార్డు చేసే వీడియో ఈఈజీ ఉంటేనే ఈ తేడా కచ్చితంగా తేలుతుంది.

ఇక వేసుకోని బిళ్లలు. పెళ్లయిన అమ్మాయి అత్తింట్లో మందుల డబ్బా దాచుకుంటుంది. నలుగురిలో వేసుకోలేక ఒక పూట మానేస్తుంది, మర్నాడు ఫిట్స్ వస్తాయి, చీటీలో డోసు పెరుగుతుంది. మూర్ఛ ఉందన్న కారణంతో పెళ్లి చెల్లదనే వీలు హిందూ వివాహ చట్టంలో ఒకప్పుడు ఉండేది. 1999 సవరణతో ఆ మాట తొలగించారు. పాతికేళ్లు దాటినా పెళ్లి చూపుల్లో ఈ జబ్బు పేరెత్తడానికి కుటుంబాలు భయపడుతూనే ఉన్నాయంటే, ఆ సవరణ గురించి జనానికి గట్టిగా చెప్పినవారు లేరన్నమాట.

ఇవన్నీ వడపోశాక మిగిలేవి నిజంగా మొండి మూర్ఛలు. అందులో పెద్దవాళ్లలో తరచుగా కనిపించేది కణత లోపలి భాగంలో, టెంపొరల్ లోబ్‌లో పుట్టే రకం. పొట్టలోంచి ఏదో పైకి తన్నుకొచ్చినట్టుంటుంది. తర్వాత చూపు నిలబడిపోతుంది, పెదవులు చప్పరిస్తారు, చేత్తో చొక్కా గుండీలు తడుముకుంటారు. కింద పడి కొట్టుకోరు కాబట్టి ఇంట్లోవాళ్లు చాలాకాలం దీన్ని ఫిట్స్‌గా గుర్తించరు. చాలామందిలో హిప్పోకాంపస్ అనే చిన్న భాగం ముడుచుకుపోయి మచ్చ కట్టి ఉంటుంది. మామూలు స్కానింగ్‌లో అది దొరక్కపోవచ్చు. జర్మనీలోని బాన్‌లో 2002లో వెలువడిన అధ్యయనం ప్రకారం, మామూలు ఎమ్మారైని నిపుణులు కానివారు చదివితే లోపాల్లో 39 శాతమే దొరికాయి. మూర్ఛ కోసమే ప్రత్యేకంగా తీసి నిపుణులు చదివితే 91 శాతం పట్టుబడ్డాయి. ‘ఎమ్మారై నార్మల్’ అన్న రిపోర్టు దగ్గర ఎందరి ఆశలు ఆగిపోయాయో!

మచ్చ దొరికితే ఆపరేషన్‌తో తీసేయవచ్చు. కెనడాలోని లండన్ అనే ఊళ్లో 80 మందిని చీటీలేసినట్టు రెండు జట్లుగా విడదీసి చూశారు. ఏడాది తిరిగేసరికి, స్పృహ చెదిరే ఫిట్స్ ఆపరేషన్ జట్టులో 58 శాతం మందికి ఆగాయి, మందుల జట్టులో 8 శాతానికే. మందుల జట్టులో ఒకరు చనిపోయారు కూడా. 2001లో ఆ ఫలితాలు వచ్చాక ఇంకా సందేహం మిగిలింది పిల్లల విషయంలో. దాన్ని తీర్చింది మన దేశమే. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 116 మంది పిల్లలపై చేసిన పరిశోధన 2017లో వెలువడింది. ఏడాది తర్వాత ఫిట్స్ లేనివారు ఆపరేషన్ జట్టులో 77 శాతం, మందుల జట్టులో 7 శాతం. ఆపరేషన్ జరిగిన వారిలో మూడో వంతుకు తీవ్రమైన ఇబ్బందులు వచ్చిన మాటా నిజమే. వాటిలో ఎక్కువ, ముందే ఊహించి తల్లిదండ్రులకు చెప్పిన, శరీరంలో ఒకవైపు వచ్చే బలహీనత.

మెదడు ఆపరేషన్ అంటే భయం ఊరికే రాలేదు. 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే యువకుడికి ఫిట్స్ ఆపడానికి రెండు వైపులా హిప్పోకాంపస్ తీసేశారు. ఫిట్స్ తగ్గాయి గానీ, 2008లో కన్నుమూసే దాకా అతడికి కొత్త జ్ఞాపకం ఏదీ నిలవలేదు. ఆ విషాదమే వైద్యులకు జాగ్రత్త నేర్పింది. ఇప్పుడు ఒక వైపే తీస్తారు. మాట, జ్ఞాపకం మెదడులో ఏ వైపు మీద ఆధారపడి ఉన్నాయో ముందే పరీక్షిస్తారు. తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ సంస్థలో ఈ ఆపరేషన్లు 1995 నుంచి జరుగుతున్నాయి. హైదరాబాదు నిమ్స్‌లోనూ చేస్తున్నారు.

అందరికీ ఆపరేషన్ కుదరదు. కొందరికి ఛాతీలో చిన్న యంత్రం అమర్చి మెడలోని వేగస్ నరాన్ని ప్రేరేపిస్తారు. ఫిట్స్ తగ్గుతాయి, పూర్తిగా ఆగడం అరుదు. పిల్లలకు కొవ్వు ఎక్కువ, పిండిపదార్థం బాగా తక్కువ ఉండే కీటోజెనిక్ ఆహారం పనిచేస్తుంది. 1921 నుంచి ఉన్న వైద్యమే ఇది. అన్నం, ఇడ్లీల మధ్య పెరిగే పిల్లలకు కష్టమే గనుక డైటీషియన్ తోడుండాలి, ఇంట్లో సొంతంగా మొదలుపెట్టకూడదు.

ఇంత చెప్పడం ఎందుకంటే, అదుపులేని ఫిట్స్ ప్రాణం తీస్తాయి. మూర్ఛ ఉన్న పెద్దవాళ్లలో ఏటా వెయ్యికి ఒకరు దాకా, తరచుగా నిద్రలో, హఠాత్తుగా చనిపోతున్నారు. ఒళ్లంతా కొట్టుకునే ఫిట్స్ ఆగని వారికి ఈ ముప్పు చాలా ఎక్కువ. ఈ సంగతి మెత్తగానైనా సరే రోగికీ కుటుంబానికీ చెప్పి తీరాలి.

రెండు తెలుగు ప్రభుత్వాలూ చేయాల్సింది కష్టమైన పని కాదు. రెండు మందులు విఫలమైన ప్రతి రోగినీ ఏడాదిలోగా మూర్ఛ కేంద్రానికి పంపాలని జిల్లా ఆస్పత్రులకు రాతపూర్వక నియమం ఉండాలి. విశాఖ, గుంటూరు, తిరుపతి, వరంగల్ వంటి చోట్ల బోధనాసుపత్రుల్లో వీడియో ఈఈజీ వార్డు నడవాలి. ఆరోగ్యశ్రీ వంటి పథకాల్లో ఆపరేషన్‌తో పాటు దానికి ముందు జరిగే పరీక్షల ఖర్చుకూ పూర్తి భరోసా ఉండాలి, ఎందుకంటే పేదవాడు ఆగిపోయేది ఆ పరీక్షల దగ్గరే. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో 21 రకాల వైకల్యాలను పేర్కొంది. ఆ జాబితాలో మూర్ఛ పేరు లేదు. దాన్నీ కేంద్రం సవరించాలి.

ఆలోగా కుటుంబాలు తమ వంతుగా చేయగలిగింది ఉంది. ఫిట్స్ వచ్చినప్పుడు ఒకరు రోగిని పక్కకు తిప్పి పట్టుకుంటే, మరొకరు ఫోనులో వీడియో తీయాలి. వచ్చిన తేదీ, వేళ ఒక నోటు పుస్తకంలో రాయాలి. ఇప్పటిదాకా వాడిన మందులన్నీ, ఏది ఎంత డోసులో ఎన్నాళ్లు వాడారో వరసగా ఒక కాగితం మీద పెట్టుకుని డాక్టరు ముందుంచాలి. రెండు మందులూ సరిగ్గా వాడినా తగ్గలేదు కదా, మమ్మల్ని మూర్ఛ కేంద్రానికి ఎప్పుడు పంపుతారని అడగాలి.