దేహద్వేషము

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి సీమల రైతులు వడ్లును, ప్రత్తిని, మిరపను అమ్మి బిడ్డలను ఉన్నత విద్యకై వరంగల్లునకు బంపుచున్నారు. 1976లో వెలసిన కాకతీయ విశ్వవిద్యాలయమే యీ జిల్లాలకు పెద్ద చదువుల నెలవు. తండ్రి బసకును, భోజనమునకును లెక్కగట్టి సొమ్మిచ్చును. ఆ భోజనమును బిడ్డ తినుచున్నదా, అద్దము చూచుకొని మానుచున్నదా యని విచారించువా రెవరు?

తన రూపమున లేని లోపమును గాంచి గంటల తరబడి దానినే తలపోయుట యొక వ్యాధి. ఇటలీ వైద్యుడు మోర్సెల్లి 1891లోనే దీనిని వర్ణించెను. లావగుదుమను భీతిచే నాహారము విడుచు వ్యాధికి ఆంగ్ల వైద్యుడు విలియం గల్ 1873లో పేరిడెను. కావున నిది చేతిఫోనులు పుట్టించినది గాదు. అవి నిప్పునకు గాలి విసరుచున్నవి. అన్నము విడుచు నీ జబ్బు మనోవ్యాధులలో మిక్కిలి ప్రాణాంతకమైన వానిలో నొకటి. మగపిల్లలును దీనికి అతీతులు గారు. కండలు చాలవను భ్రమచే స్టిరాయిడు సూదులకు దిగిన వారికి గుండెయు, కాలేయమును చెడును, సంతానయోగ్యత తగ్గును. తెలుపుకై పూయు కొన్ని క్రీములలోని పాదరసము మూత్రపిండములకు చేటు.

ఇది కడుపు నిండిన వారి సోకని కొందరు పెద్ద లందురు. పస్తులెరిగిన సీమలో నా మాట సహజమే. కాని యీ జబ్బు ఆస్తిని జూచి రాదు. మరియు దీనికి విత్తనము వేసిన దెవరు? పెండ్లిచూపులలో రంగును బట్టి కట్నము హెచ్చించినది మనము కామా? "బక్కోడు", "నల్లపిల్ల" యని యింటనే పేర్లు పెట్టినది మనము కామా? నల్లరేగడిని కన్నతల్లిగా గొలుచు రైతు, భూపాలపల్లి గనుల బొగ్గును నల్లబంగారమని పొగడు పట్టణవాసి, కన్నబిడ్డ మేనిచాయకు సిగ్గుపడుట యేమి న్యాయము? 1975లో వెలువడిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో తన పేరు మార్చుకొనెను. మన నోటి యలవాటు మారలేదు.

చేయదగిన పనులు కలవు. మహబూబాబాదున 2022లోను, జనగామ, భూపాలపల్లులలో 2023లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసినవి. వాని యాసుపత్రులలో విద్యార్థులకై ప్రత్యేకముగా వారమున కొకదినము మానసిక వైద్యుని కేటాయింపవలెను. వసతిగృహముల వార్డెన్లకు విశ్వవిద్యాలయము వ్యాధిలక్షణములు నేర్పవలెను. వ్యాయామశాలలలో స్టిరాయిడు లమ్మువారిని అధికారులు పట్టవలెను. దిద్దిన దేహచిత్రములు గల ప్రకటనలపై ఆ సంగతి ముద్రింపవలెనని నార్వే 2021లో శాసించినది. మన ప్రభుత్వము దానిని పరిశీలింపదగును. మానసిక చికిత్స హక్కని 2017 నాటి చట్టము చెప్పుచున్నది. 2022 అక్టోబరున నెలకొల్పబడిన టెలిమానస్ 14416 నంబరున తెలుగులోనే మాటాడవచ్చును. సకాలమున చికిత్స జరిగిన నీ వ్యాధులు నయమగును.

తల్లిదండ్రులకు మా మనవి యొకటి. దసరా సెలవులకు బిడ్డ యిల్లు చేరినపుడు "నల్లబడితివి, లావైతివి" యనకుడు. "వేళకు తినుచున్నావా, నిద్ర పట్టుచున్నదా" యని యడుగుడు. బదులు చెప్పువరకు వినుడు.