బంగారానికి హాల్‌మార్కు, ముఖానికి మాత్రం అడ్వాన్సు

సంక్రాంతికి ప్రొద్దుటూరు పోయినా. ఎప్పట్లాగే అమ్మ దోసెలు, ఎప్పట్లాగే నాయన "నెలకి ఎంత మిగుల్తాంది?" అనే ప్రశ్న. రెండోరోజు జమ్మలమడుగు నుంచి మా చిన్నమ్మ వచ్చింది. నన్ను మెల్లగా పెరట్లోకి పిలిచి, ఫోన్లో ఒక ఫోటో చూపించి, "అబ్బీ, నువ్వు కంప్యూటర్లో అన్నీ చూస్తావు గదా, ఈ సూది మంచిదేనా చూసి చెప్పు. మీ చిన్నాయనకు మాత్రం చెప్పొద్దు" అంది.

రంగురంగుల కాగితం. "స్కిన్ బూస్టర్ - మీ వయసు పదేళ్ళు వెనక్కి!" మూడు సిట్టింగులు, ఒక్కోటి 12,000. ఈ వారంలో కడితే నాలుగోది ఉచితం. మందు పేరు లేదు. తయారు చేసిన కంపెనీ లేదు. వేసే డాక్టరు పేరు అసలే లేదు. పళ్ళన్నీ కనపడేట్టు నవ్వుతున్న కొరియా అమ్మాయి బొమ్మ మాత్రం ఉంది. చిన్నమ్మకి 51 ఏండ్లు, మేలో కూతురి పెండ్లి. అప్పటికే 2,000 అడ్వాన్సు కట్టేసింది.

ఇలాంటివి ఎన్నాళ్ళు దాగుతాయి, రాత్రి అన్నాల దగ్గర బయటపడింది. మా చిన్నాయన ఒకటే నవ్వు. "పెండ్లి నీకా, నీ కూతురికా? ఈ వయసులో నిన్నెవరు చూడాల్నే?" అన్నాడు. అందరూ నవ్వినారు. నేనూ నవ్వినా, ఆ తప్పు ఒప్పుకుంటున్నా. ఎందుకంటే ఇదే చిన్నాయన పదిహేను రోజులకోసారి మీసానికి రంగేస్తాడు. అది "నీటుగా" ఉండటం అట. ఆడమనిషి చేస్తే పిచ్చి.

చిన్నమ్మ ముఖం వయసుతో ఒక్కటే అట్లా కాలేదు. పెండ్లయిన కాడ్నుంచి పత్తి చేనూ, శెనగ కల్లమూ. ఆమె మోచేతి లోపలి వైపు చర్మం చూడండి, ముఖం చూడండి, రెండూ పుట్టింది ఒకే రోజు. మధ్యలో తేడా అంతా మా ఎండ. ఆ ఎండలో పండించినదంతా తిని, ఆ ముఖాన్ని చూసి నవ్వే హక్కు మాకెక్కడిది? ఆమెకి కావాలనిపించింది, ఆమె డబ్బు, ఆమె ముఖం. దాంతో నాకు పేచీ లేదు.

నా పేచీ ఆ కాగితంతో.

మర్నాడు ఊరికే నాలుగు ఫోన్లు చేసినా. ప్రొద్దుటూర్లో అమ్మ స్నేహితురాలికి ఎవరో "స్కిన్ బూస్టర్" అని చెప్పింది ఏమిటంటే, ఆమె రక్తమే తీసి గిర్రున తిప్పి, పైన తేలిన ప్లాస్మాని ముఖంలోకి ఎక్కించడం. పులివెందుల్లో చీనీ తోట చూసుకునే మా మేనత్తకి ఇంకెవరో అదే పేరుతో చెప్పింది చేతి నరానికి గ్లూటాథయోన్ డ్రిప్పు. మా చిన్నమ్మకి చెప్పింది "చేప మందు". మూడూర్లు, ఒకటే పేరు, సంబంధంలేని మూడు పదార్థాలు! "పండగ ఆఫర్లో బండి ఇస్తాం" అని డబ్బు కట్టించుకుని, అది స్కూటరా, ట్రాక్టరా, ఎద్దులబండా అని చెప్పకపోతే మనం ఊరుకుంటామా?

అసలు ఈ మాట మొదట వాడింది హైలురానిక్ ఆమ్లం సూదులకి. 1934లో కార్ల్ మేయర్, జాన్ పామర్ ఆవు కంటి లోపలి జిగురు నుంచి వేరుచేసిన పదార్థం అది. మన చర్మంలోనూ ఉంటుంది, నీటిని పట్టి ఉంచుతుంది. ఇప్పుడు ఎక్కువగా బ్యాక్టీరియాని పులియబెట్టి తీస్తున్నారు. రెస్టిలేన్ వైటల్, ప్రొఫైలో ఈ జాతివే. అమెరికా ఎఫ్‌డీఏ 2023లో స్కిన్‌వైవ్ అనే దానికి బుగ్గల నునుపు కోసం అనుమతి ఇచ్చింది. దాని పని ఆరునెలల వరకు, ఆ తర్వాత మళ్ళీ సూదీ మళ్ళీ డబ్బూ. అదంతా మాయ అని కూడా నేననను. 2007లో మిచిగన్ యూనివర్సిటీ వాళ్ళు ఎండకి దెబ్బతిన్న ముంజేతి చర్మంలోకి ఈ జాతి ఫిల్లరు ఎక్కించి చూస్తే కొత్త కొలాజెన్ తయారైంది. కాకపోతే ఆ పరీక్షలో ఉన్నది పదకొండు మందే. చర్మం కాస్త నున్నగా, తేమగా అవుతుంది, సన్న గీతలు తగ్గొచ్చు. జారిన చెంపలు పైకి రావు. మంగు మచ్చలు పోవు. పైగా మన చామనఛాయ చర్మానికి సూది గుచ్చిన చోట కొత్త నల్లమచ్చ పడే అవకాశం ఒకటి. మా చిన్నమ్మ బాధంతా మంగు గురించే! ఆ కాగితం ఇచ్చినవాళ్ళు ఆమెని "నీ బాధేంది తల్లీ?" అని ఒక్కసారి కూడా అడగలేదు.

చేప మందు అంటే పాలీన్యూక్లియోటైడ్లు, సాల్మన్ చేప వీర్యకణాల డీఎన్ఏ నుంచి తీసేవి, కొరియా రెజురాన్ లాంటివి. ఇక గ్లూటాథయోన్ ఇంజెక్షన్‌కి మన దేశంలో అనుమతి ఉన్నది కాలేయం జబ్బులకి, రంగు తేలడానికి కాదు. నరంలోకి డ్రిప్పెక్కించి దానికి చర్మం బూస్టర్ అని పేరు పెట్టడం పచ్చి మోసం. నేనింకో మాట వాడలేను.

నేను రోజూ చేసే పనిలో వెర్షన్ నంబరు తెలీని కోడుని ప్రొడక్షన్ మీద పెట్టం. పెట్టినా, తేడా వస్తే వెనక్కి తీసే దారి ముందే రాసుకుంటాం. ముఖానికి ఆ దారి ఉందా? హైలురానిక్ ఆమ్లానికి ఉంది, హైలురానిడేజ్ అనే ఎంజైముతో కరిగించొచ్చు. పాలీన్యూక్లియోటైడ్లని అది కరిగించదు. మందు పేరే తెలీకపోతే, తేడా వచ్చిన రోజు ఇంకో డాక్టరు దేన్ని కరిగించాలి?

తేడా అంటే వాపూ దద్దుర్లే అనుకోవద్దు. ఫిల్లరు పొరపాటున రక్తనాళంలోకి పోయి, చర్మం చచ్చిపోయిన కేసులూ, చూపు పోయిన కేసులూ వైద్య పత్రికల్లో ఉన్నాయి. బూస్టర్లు చర్మం పైపొరల్లో పలచగా వేస్తారు గనక ప్రమాదం తక్కువ, అరుదు. కానీ ఆ "పైపొరల్లో" అన్నది వేసే చేతిని బట్టి కదా! కంటి రెటీనాకి రక్తం ఆగితే గంటా గంటన్నరలో శాశ్వతంగా దెబ్బతినొచ్చు. జమ్మలమడుగు నుంచి కడపకి బస్సులో పోయేసరికే ఆ గడువు అయిపోతుంది. హైదరాబాదులో నిర్లక్ష్యం చేసినోడికి పక్క వీధిలో పెద్దాసుపత్రి ఉండొచ్చు. మనకి మధ్యలో ముద్దనూరు, ఎర్రగుంట్ల ఉన్నాయి.

రక్తం తిప్పే పద్ధతి సంగతీ చూడండి. అమెరికాలో న్యూ మెక్సికోలో లైసెన్సు లేని ఒక స్పాలో "వాంపైర్ ఫేషియల్" చేయించుకున్న కనీసం ముగ్గురు ఆడవాళ్ళకి హెచ్ఐవీ సోకిందని వాళ్ళ సీడీసీ 2024లో ప్రకటించింది. అక్కడి తనిఖీలో పేర్లు రాయని రక్తం గొట్టాలు, ఒక్కసారే వాడాల్సిన పరికరాలు మళ్ళీ వాడిన ఆనవాళ్ళు దొరికాయి. అమెరికాలోనే అట్లా జరిగితే మన దగ్గర జరగదని ఎవరు హామీ?

నాకు అన్నిటికంటే వింత ఇది. ప్రొద్దుటూరు అంటే బంగారం. మా అమ్మ అర కాసు కమ్మలు కొనడానికి నాలుగు అంగళ్ళు ఎక్కి దిగుతుంది. 2023 ఏప్రిల్ నుంచి కొత్త హాల్‌మార్కు నగ మీద ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ ఉండాలి కదా, కళ్ళజోడు పెట్టుకుని మరీ దాన్ని ఫోన్లో సరిచూసుకుంటుంది. తరుగెంత, కూలెంత అని అంగడాయనని గంటసేపు సతాయిస్తుంది. అదే మనిషి, అదే వీధిలో, చర్మం కిందికి పోయే నీళ్ళ పేరు అడగడానికి మొహమాటపడుతుంది. "తెల్లకోటు వేసుకున్నాడు, ఏమని అడుగుతాం?" అంట. అదే మొహమాటాన్ని ఈ కాగితాలవాళ్ళు అమ్ముకుంటున్నారు.

చిన్నమ్మకి నేను చెప్పింది ఇది. మేలో పెండ్లి అంటే ఇంకా నాలుగు నెలలుంది. ముందు ఎండ ఆపుదాం. ఆస్ట్రేలియాలో 903 మంది మీద నాలుగున్నరేళ్ళు చేసిన పరీక్షలో, రోజూ సన్‌స్క్రీన్ రాసుకున్నవాళ్ళ చర్మం ముదరడం, ఇష్టమొచ్చినప్పుడు రాసుకున్నవాళ్ళ కంటే 24 శాతం తక్కువని 2013లో అచ్చయింది. సూది లేదు, సిట్టింగు లేదు. రాత్రిపూట ట్రెటినాయిన్ వాడొచ్చేమో, మంగుకి ఏం వాడాలో, కడప రిమ్స్‌లో చర్మం డాక్టరుని అడుగుదాం. ఓపీ చీటీ రాయించుకుని అరపూట కూర్చోవాల, అంతే. ఆ తర్వాత కూడా సూది కావాలనిపిస్తే వేయించుకో, కానీ సీలు తియ్యకముందే డబ్బా నీ చేతికి తీసుకో, పేరూ బ్యాచ్ నంబరూ గడువు తేదీ ఫోటో తియ్యి, వేసే మనిషి రిజిస్ట్రేషన్ నంబరు అడుగు, కరిగించే మందు అక్కడ ఫ్రిజ్‌లో ఉందేమో చూపియ్యమను.

"ఇన్ని అడిగితే తిట్టరా అబ్బీ?" అంది.

"కమ్మలు కొనేటప్పుడు ఎవరైనా తిట్టినారా?" అన్నా.

పోయిన ఆదివారం ఫోన్ చేసింది. ఒక్కతే పోయి అడిగిందంట, డబ్బా చూపియ్యమని. కౌంటర్లో పిల్ల లోపలికిపోయి వచ్చి, "అది కంపెనీ సీక్రెట్ మేడం, చూపియ్యరు" అందంట. చిన్నమ్మ లేచి వచ్చేసింది. అడ్వాన్సు 2,000 అడిగితే "రేపు రండి" అన్నారంట. మూడుసార్లు పోయింది, ఇంకా ఇయ్యలేదు. ఈసారి మా చిన్నాయన తోడు పోతాడంట, మీసానికి రంగేసుకుని.