మునిగే కాయ, తేలే కాయ

పిల్లలూ! నూజివీడు పేరు వినగానే మీకు చిన్నరసాలు, పెద్దరసాలు గుర్తుకు వస్తాయి కదూ? వేసవి వచ్చిందంటే మా ఊరి దారులన్నీ మామిడిపండ్ల వాసనే. బంగినపల్లినయితే ముక్కలు కోసుకుని తినవచ్చు. రసాన్ని మాత్రం మెత్తగా పిసికి, ముచ్చిక తీసి, జుర్రవలసిందే. చొక్కా మీద కారిందని అమ్మ కోప్పడితే అది వేరే సంగతి.

ఇంత మామిడి ఉన్న మనకు మామిడి పండుగ ఏది? ఉగాది ఉందిగా అంటారు మీరు. నిజమే, కాని ఉగాది పచ్చడిలో పడేది పుల్లని పచ్చికాయ. అచ్చంగా మామిడి కోసమే చేసే పండుగ చూడాలంటే గోదావరి ఒడ్డు కొండలకు వెళ్లాలి. అక్కడ కొండరెడ్లు ‘మామిడి కొత్త’ అనే పండుగ చేస్తారు. కొత్త కాయను ముందు దేవతకు పెట్టి, ఆ తరువాతే ఊరంతా తినడం మొదలుపెడతారు. అంతవరకు చెట్టు నిండా కాయలున్నా నోట పెట్టకూడదని ఆచారం. శ్రీకాకుళం వైపు కొండల్లో సవరలు, జాతాపులు కూడా ఇలాగే కొత్తల పండుగలు చేస్తారు. మామిడికే కాదు, కందికీ కొత్త ఉంది.

ఇదంతా ఉత్త నమ్మకమని కొట్టిపారేయకండి. నాకు తోచినది చెబుతాను. ఒకడు తొందరపడి లేతకాయ కోస్తే రెండోవాడు ఊరుకుంటాడా? చివరకు పండు ఎవరికీ మిగలదు. అందుకే అందరికీ ఒకే రోజు.

మా వైపు అలాంటి కట్టుబాటు లేదు. నేను బడిలో పనిచేసే రోజుల్లో ఏడవ తరగతి కుర్రవాడొకడు మార్చి నెలలోనే రెండు పండ్లు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. పైకి బంగారంలా మెరుస్తున్నాయి. కోస్తే లోపల తెలుపు, నోట పెడితే పులుపు! ‘‘ఇదేమిటిరా?’’ అన్నాను. వాడు తల వంచుకుని, ‘‘కార్బైడు వేశారండీ. ముందు కోస్తే రేటు ఎక్కువండీ, మాస్టారూ’’ అన్నాడు.

వాడి తండ్రి అప్పు చేసి తోట కౌలుకు తీసుకున్నాడు. ఒక్క గాలివాన వచ్చిందంటే సగం కాయ నేలపాలు. అలాంటివాడితో ‘‘ఆగవయ్యా’’ అనడం తేలికే. నేనూ అన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు.

కార్బైడుకు తడి తగిలితే ఎసిటిలీన్ అనే వాయువు పుడుతుంది. అది తోలుకు రంగు తెస్తుంది గాని, లేతకాయలో లేని తీపిని తేలేదు. పైగా అందులో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ వంటి విషాల ఆనవాళ్లు ఉంటాయి. 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు దానితో మగ్గించిన పండ్ల అమ్మకాన్ని నిషేధించాయి.

ముదిరిన కాయకు ఈ రాయి అక్కరలేదు. పండే కాయ ఇథిలీన్ అనే వాయువును తానే వదులుతుంది. ఈ సంగతి 1934లో ఇంగ్లండులో గేన్ అనే శాస్త్రజ్ఞుడు రుజువు చేశాడు. మన అవ్వలు కాయలను వరిగడ్డిలో కప్పి మగ్గబెట్టినప్పుడు ఆ వాయువు గడ్డిలోనే నిలిచి పని చేస్తుంది. వాళ్లకు దాని పేరు తెలియదు, అంతే.

ముదిరేకొద్దీ కాయలో పిండిపదార్థం చేరి బరువెక్కుతుంది. పండేటప్పుడు ఆ పిండే చక్కెరగా మారుతుంది. అందుకే ముదురుకాయ చాలావరకు నీళ్లలో మునుగుతుంది, లేతకాయ తేలుతుంది. ఆనాడు ఆ కుర్రవాడి చేతనే వాళ్ల తోటనుంచి పది పచ్చికాయలు తెప్పించి బకెట్టు నీళ్లలో వేయించాను. ఎనిమిది తేలాయి! వాడు చాలాసేపు వాటినే చూస్తూ నిలబడ్డాడు.

మరుసటి యేడు వాళ్ల తోట కాపలా పాక ముందు నీళ్లతొట్టి ఒకటి కనిపించింది. ‘‘నాన్న పెట్టించాడండీ. చెట్టుకు నాలుగు కాయలు వేసి చూసి, మునిగితేనే కోయిస్తున్నాడు’’ అన్నాడు వాడు. ఆ యేడూ గాలికి కొంత కాయ రాలింది. మిగిలినది మాత్రం గడ్డిలోనే మగ్గింది. నాకు ఒక బుట్ట వచ్చింది.

మీరూ చేసి చూడండి. పచ్చికాయలే తీసుకోండి. ముచ్చిక దగ్గర సొన కారుతుంది, కళ్లకు, పెదవులకు తగలనివ్వకండి. పదింటిలో ఎన్ని మునిగాయో, అవి ఏ రకం కాయలో, మగ్గిన తరువాత రుచి ఎలా ఉందో నాకు ఉత్తరం రాయండి.