పేరు సంస్కృతం, మొక్క మన పెరటిదే



ఉదయం వార్డు రౌండ్లకు వెళ్లినప్పుడు, మంచం పక్కన పండ్ల సంచి అడుగున చూర్ణం డబ్బా కనబడడం మాకు కొత్త కాదు. "ఇదేమిటమ్మా?" అని అడిగితే కొందరు మాట దాటేస్తారు. మిషన్ ఆసుపత్రి కదా, సిస్టరమ్మలు కోప్పడతారని వారి భయం. ఇంకొందరికి వేరే సందేహం. డబ్బా మీద సంస్కృతం పేరుంది, అది మంత్రం లాంటిదేమో, సంఘస్థులు వాడవచ్చునా అని.

మా అభిప్రాయం సూటిగా చెబుతున్నాము. ఆ పేర్లలో మంత్రమేమీ లేదు. హరిద్ర అంటే పసుపు. మరిచ అంటే మిరియాలు. జీరకం జీలకర్ర, ధాన్యకం ధనియాలు, యవానీ వాము, మేథిక మెంతులు, లశునం వెల్లుల్లి. త్రికటు చూర్ణమంటే శొంఠి, మిరియాలు, పిప్పళ్లు కలిపి కొట్టిన పొడి. త్రిఫల అంటే కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ. చాలా పేర్లు మొక్కను చూసి పెట్టినవే. అటికమామిడి ఎండకు మాడిపోయి వానలకు మళ్లీ చిగురిస్తుంది గనుక దానిని పునర్నవ అన్నారు. శొంఠికి విశ్వభేషజం అని ఇంకో పేరుంది, అంటే అన్నిటికీ మందు అని. అదే నిజమైతే మన ఓ.పి. ముందు తెల్లవారేసరికి అంత వరుస ఉండేది కాదు!

దేవుడు నేలలో మొలిపించిన మొక్కను ఏ భాషలో పిలిచినా అది ఆ మొక్కే. అయితే పేరు తెలియకుండా మింగడం మాత్రం మాకు ఇష్టం లేదు. ఎందుకో చెబుతాము.

బి.పి. బిళ్ల, ఒంటి నీరు తగ్గే బిళ్ల వేసుకునే ఒక పెద్దమ్మగారు మన వార్డులో చేరారు. బిళ్లలు తప్పకుండా వేసుకుంటున్నారు, అయినా బి.పి. దిగదు. కాళ్లలో సత్తువ లేదు. రక్తపరీక్షలో పొటాషియం బాగా తగ్గింది. మూడో రోజున వారి కోడలు ఇంటినుండి డబ్బా తెచ్చి చూపించింది: యష్టిమధు చూర్ణం. దగ్గుకని రెండు నెలలుగా పూటకో చెంచా. అది అతిమధురమని మేము చెప్పగానే, "అతిమధురమా సిస్టరమ్మా? చిన్నప్పటినుండి చప్పరిస్తున్నదే గదా!" అన్నారు. గొంతు నొప్పికి ఒక ముక్క చప్పరించడం వేరు, రోజూ చెంచాలకొద్దీ తినడం వేరు. అతిమధురం ఎక్కువైతే ఒంట్లో ఉప్పును, నీటిని నిలబెట్టి బి.పి. పెంచుతుంది, పొటాషియం తగ్గిస్తుంది. నీటి బిళ్లలలో కొన్ని కూడా పొటాషియం తగ్గించేవే. రెండూ కలిస్తే గుండె లయకే ప్రమాదం. డబ్బా మీద అతిమధురం అని ఉంటే, చేరిన రోజే ఎవరో ఒకరు మాకు చెప్పి ఉండేవారు.

ఇందులో మా తప్పూ ఉంది. చేర్చుకునేటప్పుడు "ఏ మందులు వాడుతున్నారు?" అని మాత్రమే అడిగేవాళ్లము. చూర్ణాన్ని ఎవరూ మందుల లెక్కలో వేయరు. ఇప్పుడు చూర్ణం, కషాయం, లేహ్యం అని పేరుపేరునా అడుగుతున్నాము. షుగరు బిళ్లలు వేసుకునేవారు మెంతిపొడి గాని కాకర రసం గాని తాగుతుంటే షుగరు మరీ పడిపోవచ్చును గనుక, అదీ అడుగుతాము.

ఇంకో చిక్కుంది. ఒకే పేరు రెండు మొక్కలకు ఉంటుంది. అమృత అంటే తిప్పతీగ, కరక్కాయనూ అమృత అంటారు. శంఖపుష్పి అని కేరళలో వాడే మొక్క ఒకటి, ఉత్తరాదిలో వాడేది మరొకటి. 2021లో, కోవిడ్ రోజులలో, తిప్పతీగ తాగిన కొందరికి కాలేయం దెబ్బతిన్నదని ముంబై వైద్యులు ప్రకటించారు. అది తిప్పతీగ కాకపోవచ్చును, దానిని పోలిన వేరే తీగ కావచ్చునని ఆయుష్ మంత్రిత్వ శాఖ జవాబిచ్చింది. ఆ వాదన ఎటు తేలినా, ఇంట్లో కషాయం కాచే తల్లికి తాను కోసిన తీగ ఏదో తెలియాలి కదా.

కాబట్టి కొనేటప్పుడు దుకాణదారుని, ఇచ్చేటప్పుడు వైద్యుని, "దీనిని తెలుగులో ఏమంటారండీ?" అని అడగండి. చెప్పలేకపోతే ఆ పూటకు కొనకండి. ఆసుపత్రికి వచ్చేటప్పుడు బిళ్లలతో పాటు ఆ డబ్బాలను కూడా అదే సంచిలో వేసుకొని రండి. మేము కోప్పడము.