నడుము నొప్పికి బెల్టే దిక్కా?

నడుము నొప్పని ఆస్పత్రికి వెళ్లినవారు ఎంఆర్ఐ ఫిల్ము, మాత్రల చీటీ, నడుముకో బెల్టు పట్టుకుని ఇంటికొస్తారు. లేవబోతుంటే ‘ఫిజియోథెరపీ కూడా చేయించుకోండి’ అని ఓ మాట వినపడుతుంది. ఏ వ్యాయామం, రోజుకు ఎన్నిసార్లు, ఎన్నాళ్లు అన్నది విడమరచి చెప్పే తీరిక ఎవరికీ ఉండదు. మూడు నెలలు దాటినా వదలని నొప్పికి అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది ఆ చివరి మాటే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో, ప్రత్యేక కారణమేదీ కనిపించని దీర్ఘకాలిక నడుము నొప్పిపై తొలిసారి మార్గదర్శకాలు ఇచ్చింది. అది సూచించిన చికిత్సల్లో వ్యాయామం, రోగికి అవగాహన ఉన్నాయి. బెల్టులు, నడుమును సాగదీసే ట్రాక్షన్ మామూలు చికిత్సగా వద్దంది. అన్ని రకాలూ కలిపి 2020లో 61.9 కోట్ల మందిని బాధించిన నడుము నొప్పి 2050 నాటికి 84.3 కోట్ల మందికి చేరుతుందని అంచనా.

‘ఎల్4-ఎల్5 దగ్గర డిస్క్ ఉబ్బింది’ అని ఎంఆర్ఐ రిపోర్టులో ఉన్న ఒక్క వాక్యం చదివి ఎందరో వంగడం, బరువెత్తడం మానేస్తున్నారు. ఏ నొప్పీ లేనివారి స్కాన్లపై జరిగిన అధ్యయనాలను 2015లో క్రోడీకరించి చూస్తే, 20 ఏళ్లవారిలోనే 30 శాతం మందికి, 80 ఏళ్లవారిలో 84 శాతం మందికి ఆ ఉబ్బు కనిపించింది. వయసుతో జుట్టు నెరిసినట్టే ఇదీను. ఆ మాట రోగికి చెప్పకుండా రిపోర్టు చేతిలో పెడితే, నొప్పికి భయం తోడవుతుంది. భయంతో కదలికలు తగ్గుతాయి, కదలికలు తగ్గితే కండరం బలహీనపడుతుంది.

నడుమును నిలబెట్టే కోర్ కండరాలంటే సిక్స్ ప్యాక్ అనుకుంటారు. అసలు కోర్ లోపల ఉంటుంది: పొట్టను చుట్టి ఉండే లోతైన కండరం, వెన్నుపూసలను అంటిపెట్టుకున్న మల్టిఫిడస్, పైన డయాఫ్రం, అడుగున కటి కండరాలు. ఆస్ట్రేలియాలో పాల్ హాడ్జెస్, కెరొలిన్ రిచర్డ్‌సన్ 1996లో ఓ సంగతి బయటపెట్టారు. చెయ్యి పైకెత్తేటప్పుడు, ఆరోగ్యవంతుల్లో చెయ్యి కదలకముందే పొట్టలోని ఆ లోతు కండరం బిగుసుకుంటుంది. నడుము నొప్పి ఉన్నవారిలో ఆలస్యంగా బిగుసుకుంటోంది. కోర్ వ్యాయామాలకు ప్రపంచమంతటా గిరాకీ పెరగడానికి ఇదో పెద్ద కారణం.

అయితే కోర్ ఒక్కటే మంత్రదండమని అమ్మజూపేవారిని నమ్మనక్కర్లేదు. లోతు కండరాలకు ప్రత్యేకంగా తర్ఫీదిచ్చే వ్యాయామాలు మేలు చేస్తాయని, కానీ మిగతా వ్యాయామాలకన్నా చెప్పుకోదగ్గంత మిన్న కావని వైద్య అధ్యయనాలను క్రోడీకరించే కాక్రేన్ సంస్థ 2016 నాటి సమీక్ష తేల్చింది. నా దృష్టిలో ఇది శుభవార్త. జిమ్ము ఫీజు, ఖరీదైన యంత్రాలు లేకపోయినా ఫరవాలేదన్నమాట. కెనడా పరిశోధకుడు స్టువర్ట్ మెక్‌గిల్ ప్రచారంలోకి తెచ్చిన ఒక వ్యాయామానికి చాప చాలు. అరచేతులు, మోకాళ్లు నేలకు ఆనించి, కుడి చేతిని ముందుకు, ఎడమ కాలిని వెనక్కి చాచాలి. నడుము ఊగకూడదు, ఊపిరి బిగబట్టకూడదు. పది సెకన్లకు మించకుండా ఉండి, దించి, రెండో వైపు చేయాలి. అదీ కష్టమైతే నడక ఉంది. 2024లో లాన్సెట్ వైద్య పత్రిక ప్రచురించిన ఆస్ట్రేలియా అధ్యయనంలో, నొప్పి నుంచి కోలుకుని క్రమంగా నడక పెంచుకున్నవారికి అది తిరగబెట్టడానికి మధ్యస్థంగా 208 రోజులు పట్టింది. నడక కార్యక్రమం లేనివారికి 112 రోజులే.

ఒక్క హెచ్చరిక. కాళ్లలో బలం తగ్గుతున్నా, మలమూత్రాలపై పట్టు తప్పినా, తొడల మధ్య మొద్దుబారినా, జ్వరంతోనో కారణం లేని బరువు తగ్గుదలతోనో నొప్పి వచ్చినా, కింద పడ్డాక మొదలైనా వ్యాయామం జోలికి పోకుండా వెంటనే వైద్యుణ్ని చూడాలి.

వంగి నాట్లు వేసే కూలీ, గంటల తరబడి కూర్చుని బీడీలు చుట్టే మహిళ, గుంటమగ్గం మీది నేతకారుడు రోజు కూలి వదులుకుని ఫిజియోథెరపీ కోసం పట్నం వెళ్లలేరు. తెలంగాణలో పల్లె, బస్తీ దవాఖానాలున్నాయి, ఆంధ్రప్రదేశ్‌లో విలేజ్ హెల్త్ క్లినిక్‌లున్నాయి. బీపీ, షుగరు చూసే ఆ గదుల్లోనే నాలుగు వ్యాయామాలు చేయించి చూపించవచ్చు. ఫిజియోథెరపిస్టు వారానికి ఒక్కరోజు వచ్చినా చాలు. రెండు ప్రభుత్వాలూ ముందు ఆ పని మొదలుపెట్టాలి.